పాత బండి పొగగొట్టం: మార్చదగినది, మార్చరానిది



విత్తనాల సంగతి, ఎరువుల సంగతి తరచుగా చెప్పుకుంటూనే వుంటాం. ఈ పూట మీ ఇంటి ముందు నిలబడివున్న డీజిలు బండి సంగతి, అందులోనూ ఆ బండి వెనుకనుంచి వచ్చే పొగ సంగతి చెప్పుకుందాం. ఇది వ్యవసాయమేనా అని మీకు సందేహం రావచ్చు. వ్యవసాయమే. పండించడం సగం పని అయితే, పండినదాన్ని అమ్మకానికి చేర్చడం మిగతా సగం. పోలాకి, జలుమూరు, సారవకోట పల్లెల్లో పండిన ధాన్యం మిల్లుకు చేరాలన్నా, ఉద్దానం కొబ్బరి, పలాస జీడిపప్పు దూరపు బజారు చూడాలన్నా, నరసన్నపేట మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారే దారి. ఆ దారిమీద బండి ఆగితే రైతు చెయ్యి ఆగినట్టే.

మన వైపు రైతులు చాలామంది కొత్త బండి కొనలేరు. అయిదారేళ్లు ఎవరో తిప్పిన చిన్న వ్యానో, ఏడెనిమిదేళ్ల లారీయో అప్పు చేసి కొంటారు. కొన్న కొత్తలో బాగానే లాగుతుంది. రెండు పంటలు గడిచేసరికి పికప్ తగ్గుతుంది. మడపాం వంతెన దాటి ముందు బండిని దాటుదామంటే ఊపిరాడనట్టు మూలుగుతుంది. వెనుక నల్లటి పొగ. డాష్‌బోర్డుమీద ఇంజను బొమ్మ దీపం వెలిగి ఆరనంటుంది. అప్పుడు షెడ్డుకు పోతే అక్కడ మూడు సలహాలు వినబడతాయి. ఒకటి: ఇ.జి.ఆర్. వాల్వుకు రేకు కొట్టి మూసేద్దాం. రెండు: సైలెన్సరు ముందున్న కన్వర్టరు లోపలి సరుకు పొడిచి తీసేసి, గొట్టాన్ని తిన్నగా పెట్టేద్దాం. మూడు: ఇంజను కంప్యూటరులో లెక్క మార్పించి ఆ దీపం వెలగకుండా చేద్దాం. ఖర్చు తక్కువ, సాయంత్రానికి బండి ఇస్తాం అంటారు.

ఈ మూడింటిలో ఏ ఒక్కటీ చేయించకండి. ఇది చట్టానికి భయపడి చెప్పే మాట మాత్రమే కాదు. పొగ అనేది బండికి వచ్చిన జబ్బు కాదు, జబ్బును చెప్పే గుర్తు. గుర్తును చెరిపేస్తే జబ్బు పోదు, లోపల ముదురుతుంది. ఎలుకల బాధ పడలేక ఇల్లు తగలబెట్టుకున్నట్టవుతుంది. అసలు ఏమి చేయించాలో చెప్పుకునేముందు, ఆ గొట్టంలో ఏమేమి వున్నవో, ఎందుకు పెట్టారో తెలుసుకుందాం.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు వుండదు. గాలిని గట్టిగా అదిమితే అది వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలోకి డీజిలును సన్నని తుంపరగా కొడితే తనంత తానే మండుతుంది. మందు కొట్టే స్ప్రేయరు నాజిలు బాగుంటే మంచులాగ పడుతుంది, అరిగితే ధారగా కారుతుంది కదా. ఇంజెక్టరు సంగతీ అంతే. తుంపర సన్నగా వుండి చాలినంత గాలి వుంటే డీజిలు పూర్తిగా కాలుతుంది. తుంపర ముద్దగా పడినా, గాలి తక్కువైనా సగం కాలి, మిగిలినది మసి అయి వెనుకనుంచి పోతుంది.

పూర్వపు బండ్లలో డీజిలును పంపే పని యంత్రపు పంపు చేసేది. తరువాత వచ్చిన వాటిలో కామన్ రైల్ అనే గట్టి గొట్టంలో డీజిలును వెయ్యి బార్లకు పైబడిన ఒత్తిడిలో నిలవుంచి, ఎప్పుడు ఎంత కొట్టాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. పొగమీద కట్టుబాట్లు కూడా మెట్టుమెట్టుగా వచ్చినవి. బి.ఎస్. 4 ప్రమాణం 2010 ఏప్రిల్‌లో హైదరాబాదు వంటి కొన్ని నగరాలలో మొదలై, 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్. 6 వచ్చింది. కాబట్టి 2017కూ 2020కీ మధ్య కొన్న బండి అయితే అది బి.ఎస్. 4 అనుకోవచ్చు. మన పల్లెల్లో ఇప్పుడు చేతులు మారుతున్న బండ్లలో ఇవే ఎక్కువ, కనుక ముఖ్యంగా వీటిగురించే చెబుతాను.

ఇప్పుడు ఇ.జి.ఆర్. అంటే ఏమిటి? ఇంజనునుంచి బయటికి పోయే కాలిన గాలిలో కొంత భాగాన్ని వెనక్కు తిప్పి మళ్లీ లోపలికి పంపే వాల్వు. ఇదేమి వింత అంటారేమో. మనం పీల్చే గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని. మామూలుగా అది ఎవరి జోలికీ పోదు. కాని ఇంజనులో మంట మరీ వేడెక్కితే అది ప్రాణవాయువుతో కలిసి నైట్రోజన్ ఆక్సైడులనే విషవాయువులుగా మారుతుంది. కాలిన గాలి కొంత కలిపితే మంట వేడి తగ్గి ఆ విషం తక్కువగా పుడుతుంది. ఇక కన్వర్టరు అంటే తేనెపట్టులాగ సన్నని కన్నాలున్న దిమ్మ. ఆ కన్నాల గోడలకు ప్లాటినం, పల్లాడియం వంటి ఖరీదైన లోహాల పూత వుంటుంది. కార్బన్ మోనాక్సైడు, కాలని డీజిలు ఆవిరి ఆ పూతకు తగిలి, హానిలేని గాలిగా మారి పోతవి.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. కన్వర్టరు ఊడదీయడానికి కూలి కూడా అక్కర్లేదు, ఉచితంగా చేసిపెడతామని ఎవరైనా అంటే, ఆ దిమ్మలోని ప్లాటినానికి తుక్కు బజారులో విలువ వున్నదని మరచిపోకండి. మీ బండిలోని ఖరీదైన సరుకు మీకు సాయం చేసే పేరుతోనే చేయి దాటిపోవచ్చు.

వీటిని మూసేస్తే, తీసేస్తే లాభం బొత్తిగా లేదా? లేదని చెబితే మీరు నమ్మరు. కొంత వుంటుంది. మసితో పూడిపోయిన కన్వర్టరును తీస్తే ఇంజనుకు ఊపిరి తిరుగుతుంది, ఆ పూట బండి తేలికగా లాగుతుంది. ఇ.జి.ఆర్. మూస్తే గాలి వెళ్లే దారిలో మసి పేరుకోవడం తగ్గుతుంది. అందుకే చేయించినవాడు నాలుగు రోజులు సంబరపడతాడు. కాని ఆ కన్వర్టరు ఎందుకు పూడింది? ఇంజెక్టరు కారుతున్నదా, టర్బో నూనె వదులుతున్నదా, రింగులు అరిగినవా? ఆ లోపం అట్లాగే వున్నది. వెనుక అడ్డు తీసేశారు కనుక మీకు తెలియకుండా సాగుతుంది. కారే ఇంజెక్టరు పిస్టనుమీద ఒకేచోట మంట పెట్టి దానికి కన్నం వేయగలదు. నూనె వదిలే టర్బో ఒకనాడు నడిదారిలో నిలిచిపోతుంది. ఇ.జి.ఆర్. మూసినందువల్ల ఇంజను లోపలి వేడి పెరుగుతుంది. కన్వర్టరు కొనడానికి వెనుకాడిన రైతు చివరకు ఇంజను విప్పించుకోవలసి వస్తుంది.

ఇంకొక నష్టం పైరుకు. నైట్రోజన్ ఆక్సైడులు, కాలని డీజిలు ఆవిరి కలిసి ఎండలో ఓజోను అనే వాయువును పుట్టిస్తవి. ఆకాశంలో పై ఎత్తున వుండే ఓజోను మనకు గొడుగు. నేలదగ్గర పుట్టే ఓజోను మాత్రం ఆకుల సూక్ష్మరంధ్రాలలోనుంచి లోపలికి దూరి, ఆకును ముందుగా పండబారజేసి, దిగుబడి తగ్గిస్తుంది. గోధుమ, సోయాచిక్కుడు వంటి పైరులు దీనికి ఎక్కువగా లొంగుతవి. వరి కొంత ఓర్చుకుంటుంది. మన బండ్లలో పుట్టిన విషం గాలిలో కలిసి మన పైరులమీదికే వస్తుందన్నమాట.

మనిషి సంగతి చెప్పనక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన సంస్థ 2012లో డీజిలు పొగను మనుషులకు కేన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఆ పొగను అందరికన్నా ఎక్కువ పీల్చేది ఎవరు? రోజంతా స్టీరింగు దగ్గర కూర్చున్న మీ కొడుకు. మిల్లు వరుసలో బండి వెనుక నిలబడి బస్తాలు దింపే కూలీలు. పట్నాలదే కాలుష్యం, మన జిల్లాలకేమిటి అనుకోవద్దు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద గాలి ప్రమాణం మించిన పట్టణాల జాబితాలో విశాఖపట్నంతోపాటు శ్రీకాకుళం, విజయనగరం కూడా చేరినవి.

సరే, మరి పికప్ తగ్గిన బండికి ఏమి చేయించాలి? ముందు పొగ రంగు చూడండి. నిప్పు లేనిదే పొగ రాదంటారు. డీజిలు బండిలో ఏ నిప్పుకు ఏ పొగో రంగే చెబుతుంది. నల్లపొగ వస్తే డీజిలు ఎక్కువైందనో, గాలి తక్కువైందనో అర్థం. నీలిపొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతున్నది. వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగకపోతే, డీజిలు కాలకుండా పోతున్నదనిగాని, రేడియేటరు నీళ్లు ఇంజనులోకి దిగుతున్నవనిగాని అనుమానించాలి. ఈ మూడింటికీ మూడు మందులు. అన్నింటికీ కలిపి గొట్టం కోయడం మందు కాదు.

నల్లపొగ అంటే మీరు డబ్బుపెట్టి కొన్న డీజిలే. లెక్క చూడండి. ఒక వ్యాను ఏడాదికి 30,000 కిలోమీటర్లు తిరుగుతుందనుకోండి. లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తే 2,500 లీటర్లు కావాలి. అదే 11కు పడిపోతే 2,727 లీటర్లు కావాలి. ఒక్క కిలోమీటరు తేడాకు ఏడాదికి 227 లీటర్లు. ఆ డీజిలు ధర మీరే గుణించుకోండి. ఇప్పుడు చెప్పబోయే రిపేర్ల ఖర్చు దానితో పోల్చి చూసుకోండి.

మొట్టమొదట చూడవలసినది ఎయిర్ ఫిల్టరు. పట్నం బండికి సరిపోయే గడువు మన బండికి సరిపోదు. నూర్పుల రోజుల్లో కళ్లాల ధూళి, మిల్లుల దగ్గర ఊకపొడి ఫిల్టరును త్వరగా పూడుస్తవి. కంపెనీ చెప్పిన గడువుకు ముందే విప్పి చూడండి. పూడితే మార్చండి. గాలి పైపు గట్టిగా పెట్టి ఊదితే కాగితం చిరిగి ధూళి తిన్నగా ఇంజనులోకి పోతుంది. ఆ తరువాత టర్బోనుంచి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టాలు, వాటి బిగింపులు చూడండి. ఎక్కడైనా చీలిక వుంటే లోడుమీద ఈలలాగ చప్పుడు వస్తుంది, నల్లపొగ వస్తుంది, లాగదు. గొట్టం మారిస్తే పోయే లోపానికి కన్వర్టరును బలిపెట్టిన సందర్భాలు తక్కువేమీ కాదు.

రెండవది డీజిలు. ఇక్కడ మీకు ఒక మంచి మాట. బి.ఎస్. 4 బండ్లు తయారయిన రోజుల్లో డీజిలులో గంధకం పదిలక్షల పాళ్లకు 50 పాళ్ల వరకు వుండేది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా అమ్ముతున్న డీజిలులో అది 10 పాళ్లకు మించరాదు. అంటే మీ పాత బండి తాగుతున్నది తాను పుట్టిననాటి కంటే శుభ్రమైన డీజిలు. కొత్త డీజిలు పాత కన్వర్టరుకు పడదనే మాటలో నిజం లేదు, గంధకం తగ్గితే కన్వర్టరుకు మేలే. పడనిది కల్తీ డీజిలు, కిరోసిను కలిపిన డీజిలు, మూతలేని పీపాలో నిలవచేసిన డీజిలు. డీజిలు ఫిల్టరు అడుగున చేరే నీటిని గడువు ప్రకారం వదలండి. ఆ నీరే ఇంజెక్టర్లను తినేస్తుంది.

మూడవది ఇంజెక్టర్లు. కామన్ రైల్ ఇంజెక్టరును రోడ్డుపక్క విప్పి, గుడ్డతో తుడిచి పెట్టడం పనికిరాదు. పరీక్షించే బెంచి వున్నచోటికే పంపండి. చాలా బండ్లలో ప్రతి ఇంజెక్టరుకు ఒక సంకేత సంఖ్య వుంటుంది. కొత్తది వేసినప్పుడు ఆ సంఖ్యను కంప్యూటరుకు ఎక్కించాలి. లేకపోతే కొత్త ఇంజెక్టరు కూడా పొగే ఇస్తుంది. ఒక హెచ్చరిక. ఇంజను నడుస్తుండగా ఆ గొట్టాల బోల్టులు వదులు చేయకండి, కారుతున్నదేమోనని వేలు పెట్టి చూడకండి. ఆ ఒత్తిడిలో వచ్చే డీజిలు చర్మాన్ని చీల్చుకుని ఒంటిలోకి పోతుంది. పైకి సూదిగాటులాగ కనబడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి. లేకుంటే వేలు, చెయ్యి పోగొట్టుకునే ప్రమాదం వున్నది.

నాలుగవది ఇ.జి.ఆర్. వాల్వు. మూయడం కాదు, విప్పి మసి శుభ్రం చేయించడం, రబ్బరు వాషర్లు, గ్యాస్కెట్లు మార్చడం. దానికి నీళ్లతో చల్లబరిచే కూలరు వుంటుంది. రేడియేటరు నీళ్లు ఎక్కడా కారకుండానే తగ్గుతున్నవంటే ఆ కూలరు లోపల పగిలిందేమో చూపించండి. మిల్లు దగ్గర గంటల తరబడి ఇంజను ఆపకుండా నిలబెడితే వాల్వులో మసి పేరుకుంటుంది. వరుస పెద్దదైతే ఇంజను ఆపండి. డీజిలూ మిగులుతుంది.

ఇవన్నీ అయిన తరువాతనే కన్వర్టరు జోలికి పోవాలి. దాని ముందు భాగంలో ఒత్తిడి కొలిచే గేజి పెట్టించి, పూడిందో లేదో తేల్చుకోండి. నిజంగా పూడితే, కరిగితే, పగిలితే అదే రకం కన్వర్టరు కొత్తది వేయించండి. ఖర్చు అవుతుంది, కాదనను. కాని ముందరి లోపాలు సరిచేసిన తరువాత వేసినది చాలాకాలం మన్నుతుంది. లోపాలు వుంచి వేస్తే అదీ పూడుతుంది. అందుకే ఈ వరుస.

ఇప్పుడు తిన్న గొట్టం సంగతి, చట్టం సంగతి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లో వచ్చినవి. వాటి ప్రకారం పొగగొట్టం మూతి కిందికి గాని, బండి ఎడమవైపుకు గాని వుండరాదు. వెనుకకో కుడివైపుకో వుండాలి. ఎడమవైపు మనుషులు నడుస్తారు, బండి ఎక్కుతారు కనుక ఈ కట్టుబాటు. డీజిలు గొట్టానికి 35 మిల్లీమీటర్లకంటే దగ్గరగా పొగగొట్టం పోరాదు. షెడ్డులో అందిన చోటికి వంచి వెల్డింగు చేసే గొట్టానికి ఈ లెక్కలు ఎవరు చూస్తారు? పైగా అసలు గొట్టానికి వుండే వేడి ఆపే రేకు తీసేస్తారు. గడ్డి వేసుకుని పోయే బండికి అది కొరివి కట్టుకుని పోయినట్టు.

మోటారు వాహనాల చట్టం 1988 నాటిది. దాని 52వ సెక్షను ప్రకారం, కంపెనీ ఇచ్చిన తీరుకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం చట్టాన్ని సవరించారు. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలలవరకు జైలు గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. పొగ, శబ్దం హద్దు మించిన బండిని నడిపితే మొదటిసారి మూడు నెలలవరకు జైలు గాని, 10,000 రూపాయలవరకు జరిమానా గాని, రెండూ గాని వుంటవి. పైగా మూడు నెలలు లైసెన్సు చెల్లదు. మూడు మార్పులు చేయించినవాడు మూడు జరిమానాలకు సిద్ధపడాలన్నమాట. పొగ పరీక్షలో బి.ఎస్. 4 డీజిలు బండికి హద్దు మీటరుకు 1.62. అంతకు పూర్వపు బండ్లకు 2.45. కిరాయి బండికి ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకొకసారి, తరువాత ఏటేటా ఫిట్‌నెస్ చూపాలి. బండి పాతదయ్యేకొద్దీ పరీక్ష తరచుగా వస్తుందని గమనించండి.

కంప్యూటరులో లెక్క మార్పించుకుంటే ఎవరు కనిపెడతారని కొందరి ధీమా. ఫోక్స్‌వాగన్ అనే జర్మనీ కంపెనీ, పరీక్ష జరుగుతున్నప్పుడు మాత్రమే పొగ శుభ్రంగా వుండేటట్టు తన డీజిలు కార్ల కంప్యూటరులో మాయ పెట్టింది. 2015 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం దాన్ని బయటపెట్టింది. ప్రపంచం మొత్తంమీద సుమారు 1 కోటి 10 లక్షల బండ్లలో ఆ మాయ వున్నదని కంపెనీ ఒప్పుకోవలసి వచ్చింది. అంతటి కంపెనీకే దాగలేదు. ఇక మన షెడ్డులో చేసే మార్పు వల్ల ఇంకో హాని కూడా వున్నది. దీపం వెలగకుండా చేశారంటే, రేపు నిజంగా నూనె ఒత్తిడో, డీజిలు ఒత్తిడో పడిపోయి లోపం పుట్టినా మీకు చెప్పేవాడు లేడు.

పెద్ద లారీలు నడిపే సోదరులకు వేరుగా ఒక మాట. కొన్ని బి.ఎస్. 4 లారీలలోను, చాలా బి.ఎస్. 6 లారీలలోను పొగలోకి యూరియా ద్రావణం చిమ్మే ఏర్పాటు వుంటుంది. అందులో 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగిలినది శుద్ధమైన నీరు. పొలానికి తెచ్చిన యూరియా బస్తా విప్పి నీళ్లలో కలిపి పోస్తే సరిపోదా అని కొందరికి తోస్తుంది. సరిపోదు. 2015 నుంచి మన యూరియాకంతటికీ వేపనూనె పూత వేయిస్తున్నారు. ఆ నూనె, ఎరువులోని ఇతర మలినాలు, బావినీటిలోని సున్నం కలిసి సన్నని నాజిలును, వెనుకనున్న కన్వర్టరును పాడుచేస్తవి. పైరుకోసం సర్కారు రాయితీ ఇచ్చిన ఎరువును బండికి వాడటం నేరం కూడాను. ఈ ద్రావణం ఎంత అవసరమైనదో దక్షిణ కొరియాలో 2021 నవంబరులో తెలిసింది. చైనానుంచి యూరియా రావడం తగ్గేసరికి అక్కడి డీజిలు లారీలకు ద్రావణం దొరకక నానా అవస్థా పడ్డారు. కనుక మంచి సరుకు, సీలు వున్న డబ్బాలోదే కొని పోయండి.

బి.ఎస్. 6 బండి వున్నవారికి ఇంకొకటి. వాటిలో మసిని పట్టి వుంచే జల్లెడ వుంటుంది. అది నిండినప్పుడు బండి తనంత తానే లోపలి మసిని కాల్చుకుంటుంది. అప్పుడు గొట్టం లోపలి వేడి 600 డిగ్రీల దాకా పోతుంది. దీపం వెలిగి ఆ పని జరుగుతున్నదని చూపిస్తే మధ్యలో ఇంజను ఆపకండి. రహదారిమీద నిలకడగా కొంతసేపు నడపండి. ఆ సమయంలో ఎండుగడ్డి పరచిన కళ్లంలో గాని, గడ్డివాము పక్కన గాని, కోసిన చేలో గాని బండి ఆపకండి. ఏడాది శ్రమ ఒక్క నిమిషంలో బూడిద కావచ్చు.

ఇక పాత బండి కొనబోయేవారు నాలుగు సంగతులు చూసుకోండి. తాళం తిప్పినప్పుడు ఇంజను బొమ్మ దీపం ఒకసారి వెలిగి, ఇంజను నడిచాక ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో పీకేశారన్నమాట. బండి కిందికి వంగి చూడండి. కన్వర్టరుమీద కొత్త వెల్డింగు గీతలు వుంటే, తట్టినప్పుడు డొల్లగా మోగితే, లోపల సరుకు లేదేమో చూపించండి. ఇ.జి.ఆర్. దగ్గర వైర్లు ఊడివున్నవా, మధ్యలో రేకు పెట్టారా చూడండి. పొగ పరీక్ష కాగితం పాతది చూసి నమ్మక, మీ ఎదుట మళ్లీ చేయించండి. లోపం కనబడితే దాన్ని బాగుచేసే ఖర్చు ధరలో తగ్గించి అడగండి. బండి మీ పేరుకు మారిన తరువాత జవాబు చెప్పవలసింది మీరే.

మార్చదగినవి ఏమీ లేవా? వున్నవి. తుప్పుపట్టిన గొట్టం, చిల్లిపడిన సైలెన్సరు అదే కొలతవి వేసుకోవచ్చు. గ్యాసుకు మార్చదలిస్తే ఆమోదం పొందిన కిట్టుతో, అనుమతి వున్న కేంద్రంలో చేయించి, ఆర్.సి. పుస్తకంలో రాయించుకోవాలి. కాగితంమీదికి ఎక్కించగలిగిన మార్పు మంచిది, దాచవలసిన మార్పు చెడ్డది. ఈ ఒక్క కొలబద్ద చాలు.

విస్తరణ మిత్రులకు ఒక మనవి. రైతు సేవా కేంద్రంలో విత్తనాల సమావేశం పెట్టిన రోజున ఒక గంట బండ్లకు కేటాయించండి. నూర్పులు మొదలు కాకముందే డ్రైవర్లను, దగ్గరి షెడ్డు మేస్త్రీలను పిలవండి. మేస్త్రీలను తప్పుపట్టడానికి కాదు. రైతు ‘చవకగా కానియ్యి’ అంటేనే వారు గొట్టం కోస్తారు. ‘లోపం వెతుకు, కూలి ఇస్తాను’ అంటే వెతుకుతారు. ఫిల్టరు, రబ్బరు గొట్టాలు, డీజిలు, ఇంజెక్టర్లు, ఇ.జి.ఆర్., చివర కన్వర్టరు. ఈ వరుసను ఒక కాగితంమీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి.

రైతు సోదరులారా! పైరు ఆకు పచ్చబడితే ఆకు కోసి పారేయరు, వేరు దగ్గర చూస్తారు. బండి పొగను కూడా అట్లాగే చూడండి. ఈ ఖరీఫు ధాన్యం బండికెక్కేలోపల ఎయిర్ ఫిల్టరు ఒక్కటయినా విప్పి చూసుకోండి.